పంపరపనస తినే ఇద్దరు

మా పెళ్లయిన ఏడాది, వానలు తగ్గే రోజుల్లో, బాపు మా పెరటి చెట్టు మీది పంపరపనస కోసి నా భార్య చేతిలో ఒక తొన పెట్టాడు. ఆయన వాకిట్లో పీట మీద కూర్చుని, ఒళ్లో పాత తువాలు పరుచుకుని కాయ ఒలుస్తున్నాడు. ఆమె అప్పుడే కాలేజీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంది. నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తున్నాను.

"చేదుంటది బిడ్డా. మింగలేకపోతే ఉమ్మెయ్యి. నేనేమనుకోను" అన్నాడు బాపు.

ఆమె తొన మొత్తం నోట్లో పెట్టుకుంది. నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను. కళ్లు గట్టిగా మూసుకుంటుందని, పరుగున పోయి మోరీలో ఉమ్మేస్తుందని ఎదురుచూశాను. మా ఇంటికొచ్చిన చుట్టాలంతా చేసిన పని అదే. ఆమె మెల్లగా నమిలి, మింగి, మళ్లీ చెయ్యి చాపింది.

"ఇంకోటియ్యుండ్రి మామయ్యా."

బాపు నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వును నేను అంతకుముందు బస్సులో చూశాను. ఇంట్లో మాత్రం చూడలేదు.

బాపు అంటే మా నాన్న, బస్సు కండక్టరు. చిన్నప్పుడు ఆయన బస్సు ఎక్కినప్పుడల్లా నాకు ఆశ్చర్యంగా ఉండేది. "జరుగుండ్రి, లోపల జాగున్నది, జర జరుగుండ్రి" అంటూ ముందు నుంచి వెనక దాకా మాట్లాడుతూనే ఉండేవాడు. గంపలతో ఎక్కిన అవ్వలతో పరాచికాలు, ఆదివారం చర్చికి పోయేవాళ్ల పిల్లలకు కిటికీ పక్క సీట్లు, తాగి ఎక్కినవాడికి మెత్తగా బుద్ధులు. డ్యూటీ దిగి ఇంటికొస్తే మాత్రం మాటలన్నీ టికెట్ల సంచీతో పాటు డిపోలోనే అప్పజెప్పి వచ్చినట్టుండేవాడు. మా అమ్మతో అవసరానికి మాట్లాడేవాడు. నాతో అదీ లేదు. నేను ఇంటర్ తప్పిన రోజు పేపర్లో నంబరు కోసం వెతికి, లేదని చూసుకుని, పేపరు మడిచి కిటికీలో పెట్టి, "అన్నం తిన్నవారా?" అని అడిగాడు. అంతే. తిడతాడని పొద్దుటి నుంచి వణికిన నేను, తిట్టనందుకు ఇంకా ఎక్కువ కుంగిపోయాను. ఈయనకు నా మీద ఆశే లేదన్నమాట అనుకున్నాను.

ఆ తరువాత కొన్నేళ్లకు బస్టాండు రోడ్డులో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాను. అప్పుడప్పుడే ఊరంతా పసుపుపచ్చ బోర్డులు లేస్తున్నాయి. గాజు తలుపుల డబ్బాలో నిలబడి దుబాయ్‌లో ఉన్న మొగుళ్లతో, హైదరాబాద్‌లో ఉన్న కొడుకులతో జనం అరిచి అరిచి మాట్లాడేవాళ్లు. దినమంతా ఇతరుల తండ్రీకొడుకుల మాటలు వినడమే నా పని. నా భార్య జువాలజీ చదివింది. ఊళ్లో కొత్తగా తెరిచిన ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. చదువుకున్న కోడలని బాపు మొహమాటపడతాడేమో అనుకున్నాను. ఒక్క తొనతో ఆ మొహమాటం పోయింది.

ఆ కాయ గురించి చెప్పాలి. మా చెట్టు పంపరపనస బజార్లో దొరికేదానిలాగా కాదు. పైన పచ్చగా, లోపల లేత గులాబీ రంగులో, చూడడానికి ముచ్చటగా ఉండేది. నోట్లో పెట్టుకుంటే మొదట కొంచెం పులుపు, ఒక క్షణం తీపి, ఆ వెనకే చేదు. ఆ చేదు నాలుక మీద ఆగదు. గొంతు వెనక దాకా పోయి, నీళ్లు తాగినా అక్కడే కూర్చుంటుంది. గింజ పాతి పెంచిన చెట్టు కాబట్టి అలా దిగిందని అమ్మ అనేది. అమ్మకు ఆ వాసనే పడదు. నాకూ పడదు. బాపు ఒలవడం మొదలుపెడితే మేమిద్దరం లోపలికి పోయేవాళ్లం. అన్నేళ్లూ బాపు ఒక్కడే తిన్నాడు.

ఆమె వచ్చాక అది ఒక పద్ధతి అయింది. బాపుకు ఆఫ్ ఉన్న రోజు, ఆమె కాలేజీ నుంచి వచ్చే వేళకు కాయ కోసి పెట్టుకునేవాడు. మందమైన తోలు తీసి, తెల్లటి బెండు తీసి, ఒక్కో తొన మీది పొర చింపి, ముత్యాల్లాంటి రసపు గింజలు చెదరకుండా ఆమె చేతిలో పెట్టేవాడు. నేను అన్నం తింటూ లోపలి నుంచి వినేవాణ్ని. శివ్వంపేట బస్సులో ఒక ముసలమ్మ మేకపిల్లను కొంగు కింద దాచుకుని ఎక్కిన ముచ్చట చెప్పేవాడు. అది మధ్యలో అరిస్తే ఆమే దగ్గినట్టు నటించిందట. నా భార్య పొరబోయేంతగా నవ్వేది. ఆ ముచ్చట నేనెప్పుడూ వినలేదు. ఆ బస్సు మా బాపుది, ఆ ముసలమ్మకు టికెట్ కొట్టింది మా బాపు, ముచ్చట మాత్రం నిన్న మొన్న వచ్చిన ఆమెది.

"ఏం నవ్వుతున్నరట ఇద్దరు?" అని అమ్మను అడిగేవాణ్ని.

"నవ్వుకోనియ్యరాదు. నీకెందుకు కడుపుమంట?" అనేది అమ్మ, పప్పు వడ్డిస్తూ.

కడుపుమంటే. దానికి వేరే పేరు లేదు. పెళ్లాం మీద మొగుడికి అనుమానం ఉంటుంది, తండ్రి మీద కొడుకుకు కోపం ఉంటుంది. నాది రెండూ కాదు. నాకు దొరకని మనిషి ఆమెకు దొరికాడని అసూయ. ఆయన నన్ను "ఏందిరా" అనేవాడు. ఆమెను "బిడ్డా" అనేవాడు. ఆ మాట వినబడ్డప్పుడల్లా నేను లోపల లెక్కలోకి రానంత చిన్నవాణ్ని అయిపోయేవాణ్ని.

ఆ కాయ తినడం నేర్చుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒకటి కాగితంలో చుట్టుకుని బూత్‌కు తెచ్చుకుని, గిరాకీ లేనప్పుడు ఒలిచాను. ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను. చక్కెర చల్లుకుని తిన్నాను. ముక్కు మూసుకుని మింగాను. ఎలా తిన్నా చివరికి అదే చేదు గొంతులో నిలబడేది. పక్క దుకాణంలో బట్టలు కుట్టే చాచా నా అవస్థ చూసి, మిషన్ ఆపి వచ్చాడు.

"చకోత్రానా? మా ఇంట్ల మా అబ్బాజాన్ మస్తు తింటుండె. నేను ముట్ట. ఇది ఆదత్ బేటా, అలవాటు. చిన్నప్పుడు నాలుకకు రుచి చూపిస్తే ఉంటది, లేకపోతే లేదు."

"నా భార్య పెళ్లికి ముందు దీన్ని చూడనే లేదు చాచా. మొదటి దినమే తిన్నది."

చాచా తల గోక్కుని, "అయితే నసీబ్" అని మళ్లీ మిషన్ దగ్గరికి పోయాడు.

అప్పట్నుంచి బూత్‌కు వచ్చినవాళ్లను అడగడం అలవాటైంది. కష్టాలు పడ్డవాళ్లకు చేదు రుచిస్తుందని ఒకాయన అన్నాడు. వేడి ఒళ్లు ఉన్నవాళ్లకు ఇష్టమవుతుందని ఒకామె అన్నది. అమ్మ మాట అన్నిటికంటే సూటిగా ఉండేది. "కొందరికి పడ్తది, కొందరికి పడది. దానికి ఇంత పంచాయితీ ఎందుకు?"

నా భార్య దగ్గర మాత్రం వేరే జవాబు దొరికింది. ఒక సాయంత్రం ఆమె లెక్చరర్ల శిక్షణ నుంచి చిన్న కవరు తెచ్చింది. దాంట్లో సన్నగా కత్తిరించిన తెల్ల కాగితపు ముక్కలు ఉన్నాయి. ఏదో మందు పూసి ఆరబెట్టారట. పిల్లలకు వంశపారంపర్యం పాఠం చెప్పేటప్పుడు వాడతారట. అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి తలా ఒకటి ఇచ్చింది.

"నాలుక మీద పెట్టుకొని ఏముందో చెప్పుండ్రి."

బాపు పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "ఏముంది? కాయిదం. టికెట్ నోట్లె పెట్టుకున్నట్టున్నది."

"థూ! ఏం మందమ్మా ఇది? వేపాకే నయం" అని అమ్మ లేచిపోయింది.

నాకు చెప్పే ఓపిక కూడా లేదు. నాలుకంతా చేదు పాకింది. చెంబెడు నీళ్లతో పుక్కిలించి వచ్చేసరికి, నా భార్య కాగితం నోట్లోనే పెట్టుకుని మామూలుగా కూర్చుని ఉంది.

"నాకు గూడ కాయిదమే" అన్నది. "కొందరి నాలుకకు ఈ చేదు తెలుస్తది, కొందరికి తెల్వదు. అది పుట్టుకతోటే వస్తది. కాయల చేదు ఇదే అని కాదు, అది వేరే. దానికి అలవాటుంటది, వాసనుంటది, ఎవరు పెట్టిండ్రన్నది గూడ ఉంటది. కానీ అందరి నాలుక ఒక్క తీరుండదన్నది మాత్రం నిజం. మనం ఒక్కటే కాయ తింటున్నమనుకుంటం గానీ, తినేది ఒక్కటి కాదు."

బాపు ఈ మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు. విని, "అంటే బిడ్డా, మనిద్దరిది ఒక్క తీరు నాలుకన్నట్టు" అన్నాడు.

ఎంత సంబరంగా అన్నాడో! నేను ఆయన కన్న కొడుకును. నా ముఖం ఆయనదే, నడక ఆయనదే అని ఊళ్లో అందరూ అంటారు. నాలుక మాత్రం నాకివ్వకుండా, ఎక్కడో పుట్టిన ఆమెతో పంచుకున్నాడు. "వానిది నా నాలుక" అని అమ్మ మురిపెంగా నా తల నిమిరింది. ఆ చెయ్యి అంత ప్రేమగా ఉన్నా నా చూపు మాత్రం వాకిట్లో ఉన్న ఇద్దరి మీదే ఉంది.

మాకు బిడ్డ పుట్టింది. ఇక ఆ బిడ్డ ఎటువైపు వస్తుందోనన్న ఆత్రం పట్టుకుంది నాకు. పాకే వయసులోనే బాపు చిన్న పలుకు తీసి నాలుకకు తాకించాడు. పిల్ల ముఖం చిట్లించింది. నేను నోరు తెరిచి "చూసిండ్రా" అనబోయాను. ఇంతలో అది బాపు వేలు పట్టుకుని మళ్లీ నోట్లోకి లాక్కుంది. ముగ్గురూ ఒకటే నవ్వు. నేను దుకాణానికి పోయాను. పెద్దయ్యాక మాత్రం మా బిడ్డ ఎవరి పక్షానా చేరలేదు. గిన్నెలో చక్కెర పోసి కలిపి ఇస్తేనే తినేది. బాపుకు అది కాయను అవమానించినట్టుండేది. పిల్ల కాబట్టి ఊరుకునేవాడు.

ఏళ్లు గడిచాయి. ఎస్టీడీ డబ్బా తీసేసి జిరాక్స్ మిషన్ పెట్టాను. తరువాత సెల్‌ఫోన్ రీచార్జులు, చార్జర్లు. బాపు రిటైరయ్యాడు. రాష్ట్రం కోసం ఉద్యమం మళ్లీ లేచింది. చౌరస్తాలో టెంటు వేశారు. రోజుకొక వృత్తివాళ్లు వచ్చి నిరాహార దీక్షలో కూర్చునేవాళ్లు. వంటలు రోడ్డు మీదే, ఆటలూ పాటలూ రోడ్డు మీదే. బాపు పొద్దున్నే తలకు తువాలు చుట్టుకుని టెంటుకు పోయేవాడు. ఎవరు దీక్షలో ఉన్నా ఆయన ఒక మూల కూర్చునేవాడు. నేను బంద్ రోజున దుకాణం మూసి, మిగతా రోజుల్లో తెరిచి, పిలిచినప్పుడు ఊరేగింపులో నడిచి, నా మటుకు నేను ఉండేవాణ్ని.

లెక్చరర్ల వంతు వచ్చిన రోజు నా భార్య దీక్షలో కూర్చుంది. మధ్యాహ్నం నేను నిమ్మకాయ నీళ్లు తీసుకుని పోయాను. దీక్షలో ఉన్నవాళ్లు తాగరని తెలిసి, పక్కన నిలబడ్డాను. ఆమె చేతికి మైకు ఇచ్చారు. ఆమె కాలేజీలో మాట్లాడినట్టే, తొందర లేకుండా మాట్లాడింది.

"ఈ మూలకు కూసున్న పెద్దమనిషి మా మామయ్య. అరవైతొమ్మిదిల ఉద్యమం లేసినప్పుడు ఈయన చదువుకునే పిల్లగాడు. అప్పుడు కాలేజీలు బంద్, పరీక్షలు బంద్. ఒక ఏడు పోయింది. ఇంట్ల గడవక, మల్ల పుస్తకం పట్టకుండ బస్సెక్కి టికెట్లు కొట్టిండు. ఆయన కొడుకు ఇంటర్ తప్పినప్పుడు ఒక్క మాట అనలే. ఎందుకనలేదు మామయ్యా అని నేనడిగిన. 'చదువు ఆగిపోతే ఎట్లుంటదో నాకు తెల్సు బిడ్డా. వాడు అప్పటికే ఏడ్చి ఉన్నడు. దాని మీద నేనొక దెబ్బ ఎందుకెయ్యాలె' అన్నడు. మన పిల్లలకు ఆ బాధ రావద్దని కూసున్నం మేము."

జనం చప్పట్లు కొట్టారు. నన్ను ఎరిగినవాళ్లు నా వైపు తిరిగి చూశారు. బాపు తల వంచుకుని తువాలు అంచు వేలికి చుట్టుకుంటున్నాడు. ఇన్నేళ్లు నేను మోసిన ఒక బరువు అది. నా మీద ఆశ లేక ఊరుకున్నాడనుకున్నాను. కాదట. ఆ సంగతి నాకు ఎవరు చెప్పారు? మైకు చెప్పింది. కూరగాయల బండ్లవాళ్లతో, ఆటోవాళ్లతో పాటు నిలబడి నా సంగతి నేను విన్నాను. గుండె తేలిక కావాలి నిజానికి. కళ్లలో నీళ్లు వచ్చిన మాటా నిజమే. ఆ నీళ్ల వెనకే మంట కూడా వచ్చింది.

సాయంత్రం దీక్ష విరమించి ఇంటికొచ్చాక అడిగాను.

"ఈ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

ఆమె అలిసిపోయి గోడకు ఆనుకుని కూర్చుంది. "మీకు తెల్సనుకున్న."

"నాకెట్ల తెలుస్తది? నాతోటి ఎన్నడు మాట్లాడిండు ఆయన?"

"మీరెన్నడన్న ఆయన పక్కన కూసున్నరా? కాయ పట్టుకోంగనే వాసన పడదని లేచి పోతరు. ఆయన మాట్లాడేది చెయ్యి ఆడుతున్నప్పుడే. బస్సుల టికెట్లు కొట్టుకుంట మాట్లాడిండు. ఇంట్ల కాయ ఒలుసుకుంట మాట్లాడ్తడు. ఉత్తగ కూసుంటే ఆయనకు మాట రాదు."

పెళ్లయి అన్నేళ్లయినా నేను గమనించని సంగతి అది. ఆమె దాన్ని ఎప్పుడు కనిపెట్టిందో!

ఆ మరుసటి వానాకాలం నేను గట్టి నిర్ణయం తీసుకున్నాను. బాపు పీట వేసుకోగానే నేను కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. నా భార్య లోపలి నుంచి వచ్చి నన్ను చూసి మెట్టు మీద కూర్చుంది. బాపు తోలు తీశాడు. బెండు తీశాడు. మాట లేదు. చివరికి తల ఎత్తి నన్ను చూశాడు.

"ఏందిరా, దుకాణం బంద్ పెట్టినవా?"

"లేదు బాపు. ఉత్తగనే."

"కరెంట్ లేదా?"

"ఉన్నది."

తొన నా భార్యకు ఇచ్చాడు. నాకు ఇవ్వాలా వద్దా అన్నట్టు చెయ్యి ఒకసారి ఆడి ఆగింది. నేను ఇంకాసేపు కూర్చుని, జిరాక్స్ మిషన్‌లో కాగితం ఇరుక్కుందని గుర్తొచ్చినట్టు లేచిపోయాను. గేటు దాటానో లేదో వెనక నుంచి వాళ్ల మాటలు మొదలయ్యాయి.

ఆ తరువాత బాపుకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానలో చూపించాం. ప్రాణానికి భయం లేదన్నారు, గోలీలు రాసిచ్చారు. ఏమేం తింటాడని డాక్టరు అడిగితే, నా భార్య చెప్తూ చెప్తూ పంపరపనస అన్నది. డాక్టరు పెన్ను ఆపాడు.

"అది బంద్ చెయ్యాలి. ఈ గోలీలు వాడినన్ని రోజులు పంపరపనస గానీ, పెద్ద పెద్ద షాపుల్లో గ్రేప్‌ఫ్రూట్ అని అమ్ముతారే, అది గానీ ముట్టొద్దు. ఆ రసం పడితే మందు ఒంట్లో ఎక్కువ నిలిచిపోతుంది. ప్రమాదం."

"రెండూ ఒక్కటేనా సార్?" అని అడిగాడు బాపు.

"చుట్టాలే" అని నా భార్య జవాబు చెప్పింది. "పంపరపనసకు, నారింజకు పుట్టింది మామయ్యా గ్రేప్‌ఫ్రూట్. అందుకే అది గూడ చేదుంటది."

"బత్తాయి తినొచ్చు" అన్నాడు డాక్టరు ఓదార్పుగా.

దవాఖాన మెట్లు దిగుతుంటే బాపు ముఖం వాడిపోయి ఉంది. ఆమె ముఖమూ అంతే. నాకు మాత్రం, దాచడం ఎందుకు, లోపల ఒక చల్లదనం. ఇక పీట లేదు, తువాలు లేదు, తొన లేదు. ఇప్పుడు అందరం ఒక్కటే అనుకున్నాను.

కొంతవరకు అలాగే జరిగింది. చేతికి పని లేక బాపు సాయంత్రాలు నా దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. బయట స్టూలు మీద కూర్చుని బస్టాండుకు పోయే జనాన్ని చూసేవాడు. మేం మాట్లాడుకునేవాళ్లం కాదు. అయినా నాకు బాగానే ఉండేది. ఒకరోజు జిరాక్స్ కాగితాలు దొంతర పెట్టమని ఆయన ముందు పెట్టాను. చేతులు ఆడుతుండగా ఆయన నోరు విప్పాడు.

"చెట్టు కాయలేం చేస్తున్నర్రా?"

"పక్కోళ్లకిస్తున్నం బాపు."

"చెక్కర పోసుకొని తింటరు. పాడుజేస్తరు."

నేను ధైర్యం చేశాను. "బాపూ, నాకెన్నడు ఎందుకు పెట్టలే ఆ కాయ?"

ఆయన చేతులు ఆగాయి. "ఎవరు పెట్టలే? నడక రాకముందే పెట్టిన. నా ఖాకీ అంగి మీద ఉమ్మినవ్. బడికి పోయే ఏడు మల్ల పెట్టిన. మీ అమ్మ కొంగు పట్టుకొని గింత ఏడుపు. నేను కొట్టిననుకొని మీ అమ్మ నన్ను తిట్టింది. ఇగ భయమైంది."

"భయమెందుకు?"

"నువ్వు ఏడుస్తవని." మళ్లీ కాగితాలు సర్దసాగాడు. "నాకు నీ పక్కన కూసొని తినాలనుండె. నీకు పడకపాయె. ఏం చేస్తం? ఒక్కన్నే తినుడు అలవాటైంది. ఆమె వచ్చినంక ఇద్దరమైనం."

ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చారు. వాళ్లు పోయేసరికి బాపు కాగితాలన్నీ సర్ది, మళ్లీ రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఒక్క మాట చాలు నాకు. ఆ రాత్రి అమ్మతో చెప్పుకుని మురిసిపోయాను. నా భార్యతో మాత్రం చెప్పలేదు. ఆయన నాకు మాత్రమే చెప్పిన ముచ్చట ఒకటైనా ఉండాలి కదా.

ఆ సంబరం కూడా నిండుగా నిలవలేదు. నా భార్య ఇంట్లో కాయ ముట్టడం మానేసింది, బాపు చూస్తే ఉసూరుమంటాడని. కాలేజీకి పట్టుకుపోయి స్టాఫ్ రూములో తినేది. ఆ సంగతి నాకు కూడా తెలియదు. బాపుకు తెలిసింది. ఒక సాయంత్రం ఆమె చాయ్ గ్లాసు అందిస్తుంటే, ఆయన ఆమె వేళ్ల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఇయ్యాల తిన్నవ్ గద బిడ్డా."

ఆమె దొరికిపోయిన పిల్లలా నాలుక కరుచుకుంది. "చేదున్నదా ఈయేడు?" అని అడిగాడు. "మస్తున్నది మామయ్యా" అన్నది. ఇద్దరూ నవ్వారు. కాయ లేకపోయినా వాళ్ల మధ్య ఆ రుచి అలాగే ఉంది. డాక్టరు దాన్ని బంద్ చెయ్యలేకపోయాడు.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు చౌరస్తాలో డప్పులు, రంగులు. బాపు ఆ వయసులో రెండు అడుగులు ఆడాడు. గుప్పెట్లో గులాల్ తీసుకుని మా వైపు వచ్చాడు. నేను ముందుకు వంగాను. ఆయన నన్ను దాటి ముందు ఆమె నుదుట పూశాడు, తరువాత నాకు. క్షణం తేడా. ఆ క్షణాన్ని నేను చాలా రోజులు మోశాను.

కొత్త రాష్ట్రంలో ఆమెకు రేగోడ్ దిక్కు ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. రోజూ పోయి రావడం కష్టం. అక్కడే కిరాయికి గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేది. ఇల్లు ఒక్కసారిగా చప్పబడింది. బిడ్డ హాస్టల్లో చదువుతోంది. అమ్మ, బాపు, నేను. మొదటి శనివారం పొద్దుటి నుంచే బాపు గడియారం చూడసాగాడు. చొక్కా మార్చుకున్నాడు. నేనూ మార్చుకున్నాను.

"జర గట్ల నడిచొస్త" అని అమ్మకు చెప్పి పోయాడు. కాసేపాగి నేను, "బస్సుల చార్జర్ల పార్సిల్ వచ్చేదున్నది" అని చెప్పి బయల్దేరాను. అమ్మ నవ్వు ఆపుకుంటూ తల ఊపింది.

బస్టాండులో పోయి చూస్తే బాపు రేగోడ్ బస్సు ఆగేచోట సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, తాను అక్కడ ఉన్నందుకు కారణం వెతుక్కున్నట్టు, "పాత దోస్తులు కనపడ్తరేమోనని" అన్నాడు. నేను పార్సిల్ మాట చెప్పాను. పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం. ఆయన నాకంటే ముందే వచ్చాడని, మంచి చోటు పట్టుకున్నాడని నాకు మంట. ఆమె నా భార్య కదా, ఎదురుచూడాల్సినవాణ్ని నేను కదా! ఆయన కూడా నా వైపు ఓరగా చూస్తున్నాడు. వీడెందుకొచ్చాడన్నట్టే ఉంది ఆ చూపు. ఆ సంగతి తట్టగానే, ఎందుకో, మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

"లేటున్నది బస్సు" అన్నాడు.

"ఔ బాపు."

"డ్రైవర్ కొత్తోడై ఉంటడు. మా కాలంల ఈ టైముకు బండి లోపల ఉంటుండె" అని, ఆ రూట్లో ఎక్కడ గుంతలున్నాయో, ఏ మలుపు దగ్గర ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. నేను కదలకుండా విన్నాను. ఆయన చేతులు ఏ పనీ లేకుండా మోకాళ్ల మీదే ఉన్నాయి.

బస్సు వచ్చింది. ఆమె దుమ్ము కొట్టుకున్న ముఖంతో దిగింది. మేమిద్దరం ఒక్కసారే లేచాం. ఆమె నా వైపు చూడకుండానే భుజానికి ఉన్న సంచీ తీసి నా చేతికిచ్చి, బాపు వైపు తిరిగింది.

"మామయ్యా, ముఖం గట్ల గుంజుకపోయిందేంది? అన్నం మంచిగ తింటున్నరా లేదా?"

"తింటున్న బిడ్డా. నువ్వేం తిన్నవో చెప్పు ముందుగాల."

"మా కాలేజీ ముచ్చట్లు చెప్తే నవ్వి సస్తరు మీరు. పాండ్రి, నడుసుకుంట చెప్త."

ఇద్దరూ మాట్లాడుకుంటూ బస్టాండు గేటు వైపు నడిచారు. సంచీలో వారం రోజుల బట్టలు, పుస్తకాలు, భుజం లాగేంత బరువు. ముందు నుంచి బాపు నవ్వు వినబడింది. ఏమన్నదో నాకు వినబడలేదు. సంచీ ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుని, వాళ్లను అందుకోవడానికి గబగబా నడిచాను.